పేరు లేనివాడి వరుస

సమ్మమ్మ నారుకు తెగులుందని గ్రూపులో ఎవడో రాశాడు. ఆ మాట పుట్టి వారం తిరక్కముందే నారు చెప్పిపెట్టుకున్న రైతులు ఒక్కొక్కరే ఫోన్ చేసి వద్దనడం మొదలుపెట్టారు.

మా ఊరు రఘునాథపల్లి దాటాక హైవేకు కొంచెం లోపలికి ఉంటుంది. సమ్మమ్మ ఇక్కడే పుట్టింది, మొగుడు పోయాక ఇక్కడికే తిరిగి వచ్చింది. తండ్రి పోతూ పోతూ ఆమెకు ఇమ్మన్న హైవే పక్క మెట్ట చెలకను తమ్ముడు శేఖర్ నలుగురి ముందు ఒప్పుకుని వదిలాడు. అందులో షేడ్‌నెట్ కట్టి మిరప నారు పోస్తుంది. ఆమెకు ఉన్న ఆధారం అదొక్కటే. నారుకు ఒక అదను ఉంటుంది, అది దాటితే ముదురుతుంది. ముదిరిన నారు ఎవరూ నాటరు, పీకి గట్టున పారేయాల్సిందే.

ఫేస్‌బుక్‌లో మిర్చి రైతుల గ్రూపు ఒకటుంది. ఎనుమాముల మార్కెట్ ధరలు, పురుగు మందులు, పూత రాలుడు, ఇవన్నీ అందులో మాట్లాడుకుంటారు. నన్ను అడ్మిన్‌ను చేశారు. మాట తక్కువ మనిషైతే కొట్లాటలు పెట్టడని అనుకుని ఉంటారు.

రాసినవాడి పేరు 'పచ్చి నిజం'. పేరు పక్కన పులి బొమ్మ. సమ్మమ్మ నారు ఫొటో పెట్టగానే కింద వాడు వచ్చేవాడు. 'ఈమె నారుకు బొబ్బర తెగులు ఉంది. మడిల పచ్చగనే ఉంటది, చేన్ల వెట్టినంక ఆకు ముడుసుకుంటది.' దాని కింద నవ్వే బొమ్మలు వరుసగా పడేవి. ఆ నవ్వినవాళ్ళలో మడి చూసినవాడు ఒక్కడూ లేడు. 'మీరు చూసిన్రా అన్నా?' అని ఒకాయన మర్యాదగానే అడిగాడు. 'మీ అవ్వ గూడ నారు అమ్ముతదా?' అని జవాబు వచ్చింది. ఆయన మళ్ళీ నోరు విప్పలేదు.

నేను వాణ్ణి తీసేశాను. తెల్లారేసరికి 'మళ్ళీ పచ్చి నిజం' అని వచ్చాడు. పులి అదే.

సమ్మమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"బావా, గ్రూపుకు నువ్వే పెద్దవంట గదా. వాన్ని పట్టు."

"పేరు లేదు గద సమ్మమ్మా."

"పేరు లేకుంటే ఊరు సుత లేదా? మహిపాలే. నారుమడి వానికీ ఉన్నది. నాది పోతె అందరు వాని కాడికే పోతరు. ఆమాత్రం తెల్వదా? వాన్ని తియ్యి గ్రూపుల నుంచి."

"చూస్త తియ్యి."

"నువ్వు చూసేలోపట నారు ముదురుతాంది బావా."

ఆ రోజు నుంచి నాకు ఊరు వేరేగా కనబడింది. హోటల్ కాడ చాయ్ తాగుతూ అందరూ ఫోన్లలోకి తలలు వంచి ఉంటారు. ఎవడు నవ్వినా దేనికి నవ్వాడా అని చూసేవాణ్ణి. నన్ను చూసి ఫోన్ జేబులో పెట్టినవాణ్ణి గుర్తుపెట్టుకునేవాణ్ణి. సమ్మమ్మ ముఖం చూసి అయ్యో అన్నవాళ్ళ మీద అందరికన్నా ఎక్కువ అనుమానం ఉండేది.

మహిపాల్ తనే వచ్చి నా పక్కన బల్ల మీద కూచున్నాడు. కుర్రోడు. చిన్నాన్న వరుసతో నన్ను కాకా అంటాడు.

"కాకా, అందరు నన్నే గుడ్లురిమి చూస్తాన్రు. నేను రాసిన్నా?"

"నేను అన్ననా?"

"అనవు. గట్లనే చూస్తవు. నా నారు మాత్రం పోతాందా? ఈ ఊరి నారంటేనే జనం దూరం పోతాన్రు. నా చేతులతోని నేనే మన్ను పోసుకుంటనా?"

వాడి గోళ్ళలో మడి బురద ఎండి ఉంది. నిజమే చెబుతున్నాడనిపించింది. నిజం చెబుతున్నట్టు కనబడటం కూడా వచ్చేమో అని మళ్ళీ అనిపించింది.

గ్రూపులో నేను ఎప్పుడూ రాయను. ఆ పొద్దున రాశాను. 'నారు చూడాలనుకున్నవాళ్ళు మడి కాడికి రండి. చూడనిది రాయొద్దు. రాసేవాళ్ళు పేరు చెప్పి రాయండి.'

జవాబు వెంటనే వచ్చింది. 'పోశయ్య బావా, నీ చేను నువ్వు చూసుకో. ఆమె ఎంబడి తిరుగుతున్నవని తెలిస్తె అక్క అన్నం పెట్టదు.'

మళ్ళీ చదువుదామని చూసేసరికి ఆ మాట అక్కడ లేదు. రాసినవాడే చెరిపేశాడు.

బయటి ఊళ్ళవాళ్ళు నన్ను పోశయ్యగారు అంటారు, లేకుంటే అన్న అంటారు. మా ఊళ్ళో కులాలు వేరైనా ఇంటికీ ఇంటికీ ఒక వరుస ఉంటుంది. పిల్లలకు మాటలు రాగానే ఎవరు కాక, ఎవరు మామ అని నేర్పుతారు. ఆ తర్వాత తిట్టుకున్నా ఆ వరుసతోనే తిట్టుకుంటారు. నన్ను బావ, మా ఆవిడను అక్క అనే మగవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరే. ఒకడు నా సొంత బామ్మర్ది రమాకాంత్. వాడికి బటన్ల ఫోను తప్ప ఇంకోటి తెలియదు. రెండోవాడు శేఖర్. సమ్మమ్మ తోడబుట్టినవాడు.

ఆ పేరు మనసులోకి వచ్చాక దాన్ని వెనక్కి నెట్టాలని చూశాను. పోలేదు.

శేఖర్ మడికొండ దిక్కు ప్లాట్లు చూపిస్తుంటాడు. బస్సెక్కి పోయాను. తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళ మధ్య గొడుగు కింద కుర్చీ వేసుకుని ఉన్నాడు. లేచి కుర్చీ నాకిచ్చాడు.

"ఏంది బావా, ఇంత దూరం? ప్లాట్ గిట్ల తీసుకుంటవా?"

"గ్రూపుల నన్ను బావ అన్నోడు ఎవడా అని తిరుగుతాన."

"ఆ గ్రూపా! నేను తెరవక ఎన్నొద్దులాయె. అయినా ఇప్పుడు ఎవడు ఎవన్ని బావ అంటలేడు? కాలేజీ పోరగాండ్లు సుత ఒకల్నొకలు బావా అనుకుంటాన్రు."

"మా ఇంటామెను అక్క అన్నడు."

"అన్నడో లేదో. చెరిపేసినంక ఏం చూపిస్తవు?"

చెరిపేశాడని నేను చెప్పలేదు. ఆ మాట వాడికీ తట్టింది. ముఖం తిప్పుకుని హద్దురాళ్ళను చూశాడు. హైవే పక్క చెలక ధర వాడికి తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నలుగురి ముందు ఇచ్చినదాన్ని నోరు తెరిచి అడగలేడు. మడి దెబ్బతింటే ఆమే విసిగి చెలక వదిలేస్తుందనుకుని ఉంటాడు.

"పరాచికం బావా," అన్నాడు చివరికి. "నీకు నాకు పరాచికం వరుసే గదా."

"నాతోని వరుసే. తోడబుట్టినదానితోని ఏ వరుస?"

ఫోన్ తీసి వేలితో ఏదో చేశాడు. "పోయింది. ఇగ రాదు. అక్కకు మాత్రం చెప్పకు."

కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

పులి పోయింది కానీ రైతులు రాలేదు. 'నిజం చెప్పినోన్ని వెళ్ళగొట్టిన్రు' అని గ్రూపులో ఇంకెవడో రాశాడు. వాడే పోయాడని నేను రాస్తే దాని కిందా నవ్వే బొమ్మలు పడ్డాయి. రాసింది ఎవడో నేను పేరు పెట్టి చెబితే నారు అమ్ముడుపోయేదేమో. సమ్మమ్మకు మాత్రం పుట్టిల్లు ఉండేది కాదు.

"ఎవడో తెలిసిందా?" అని అడిగింది.

"తెల్వలె."

"మహిపాలేనా?"

"కాదు."

"కాదని గంత ఖాయంగ అంటానవంటే ఎవడో తెలిసినట్టే గద బావా."

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. మహిపాల్ కాదంటే ఇంకెవరని వెతకడం అప్పుడే మొదలుపెట్టిందని ఆ చూపులోనే తెలిసింది. నోరు మూసుకుని నేను ఆమెకు చేసిన మేలేంటో నాకు అంతుపట్టలేదు.

రోడ్డు వార ఉన్న నా చేను చెక్కలో పట్టినంత ఆమె నారు నేనే తెచ్చి నాటాను. పోయేవచ్చేవాళ్ళు కళ్ళతో చూస్తారని. మిగిలింది పీకి గట్టున వేశారు.

మొక్క నిలదొక్కుకుంది. ఒక పొద్దున సాలులో గొంతుక్కూచుని ఆకులు తిప్పి తిప్పి చూస్తున్నాను. అబద్ధమని అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా ప్రతి ఆకు అడుగునా ముడత కోసం చూస్తున్నాను. వెనక చప్పుడైతే తిరిగాను. సమ్మమ్మ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చూడు బావా, చూడు," అంది. "నేను సుత రోజూ గదే చూస్తాన."

పక్క సాలులో కూచుని ఆమె కూడా ఆకు తిప్పింది.