ఎవరికీ చెప్పని నాలుగంకెలు

హుసేనమ్మకు చదువు రాదు కానీ అంకెలు వచ్చు. మిరపకాయలు కోసే కూలికి బస్తాల లెక్క తెలియకపోతే మేస్త్రీలు నెత్తిన టోపీ పెట్టేస్తారు మరి! మొగుడు పోయిన మనిషి, మూడు నెలలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కూలికి, వలసపోయి, ఆ ఘాటుకు దగ్గి దగ్గి సంపాదించిన నలభై వేలు ఆదోని బ్యాంకులో వేసుకుంది. అవి ఆదోనిలోనే హాస్టల్లో ఉండి చదువుతున్న కూతురు దివ్య నర్సింగు ఫీజు. నెలాఖరులోగా కట్టకపోతే పరీక్ష రాయనివ్వమని కాలేజీ వాళ్లు తెగేసి చెప్పారు.

ఫోనులో బ్యాంకు చూసుకోవడం దివ్యే నేర్పింది, సెలవుకు వచ్చినప్పుడు హాలహర్విలో ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి.

"ఈ నాలుగంకెలు కొడితే నీ దుడ్లు ఎంతుండాయో కనపడతాది. దీన్ని పిన్ను అంటారు. సచ్చినా ఎవురికీ సెప్పొద్దు మా."

"నీకు గూడానా?"

"నాకు గూడా."

ఆ మాట హుసేనమ్మకు ఎంత నచ్చిందో! పుట్టి బుద్ధెరిగాక ఆమెకంటూ దాచుకోవడానికి ఒక రహస్యం దొరికింది. రోజూ పొద్దున కొంగు చాటున అంకెలు కొట్టి, నలభై వేలు కళ్లారా చూసుకుని కూలికి పోయేది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. "అమ్మా, వలస కూలీలకు ప్రభుత్వం సాయం ఇస్తోంది. నాలుగు విడతలు, విడతకు పదివేలు. ఫోను అడిగినప్పుడల్లా మీ పిన్ను కొట్టండి. నాకు మాత్రం చెప్పకండి, అది రహస్యం" అన్నాడు ఒక మర్యాదస్తుడు.

ఆ ఆఖరి మాటకే ఆమె నమ్మేసింది. దొంగైతే చెప్పమనేవాడు కదా! పైగా బియ్యానికి వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర, ఉపాధి కూలికి వేలిముద్ర. ఇన్నేళ్లలో ముద్ర వేయకుండా ఆమె చేతికి ఒక్క గింజ రాలేదు. ఫోనులో ముద్రంటే ఈ నాలుగంకెలే అనుకుంది. ఆమెను తప్పు పట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

తెర మీద పదివేలని కనపడింది, కొట్టింది. మళ్లీ పదివేలు, మళ్లీ కొట్టింది. నాలుగోసారి కూడా కొట్టి, ఎనభై వేలు చూసుకుందామని తెరిస్తే పైచిల్లర నూటపన్నెండు రూపాయలే ఉన్నాయి.

మర్నాడు తల్లీకూతుళ్లు ఆదోని బ్యాంకులో నిలబడ్డారు.

"పిన్ను ఎవరికైనా చెప్పినావామ్మా?" అడిగాడు బ్యాంకు ఆయన.

"లేదు సారూ! నా బిడ్డ మింద ఒట్టు. ఆ ఫోను సేసినోడు గూడా సెప్పొద్దన్యాడు. అన్నిసార్లూ నేనే కొట్టినా." ఆమె గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది, పాపం.

"నువ్వే కొట్టినావు కాబట్టి నువ్వే పంపినట్టు. డబ్బులు తీసుకోవడానికి పిన్నుతో పనే లేదమ్మా, చూసుకోవడానికో, పంపడానికో కొట్టాల. ఫిర్యాదు రాసుకుంటాం. ఆశ మాత్రం పెట్టుకోవద్దు."

హుసేనమ్మ కూతురి వైపు తిరిగింది. "ఈ మాట నువ్వు సెప్పలేదే?"

దివ్యకు బాగా తెలిసిన సంగతి కాబట్టి చెప్పాలనే తోచలేదు. తల్లిని తిడదామంటే, తను చెప్పినదానికి ఆమె వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"ఫీజుకు ఎల్లుండిదాకా టైముంది గదా, ఎవురినన్నా అడుగుదాం" అంది హుసేనమ్మ వీధిలోకి వచ్చాక. ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలియదు.

"వద్దులే మా" అంది దివ్య. "హాస్టల్లో నా పెట్టె, పరుపు ఉండాయి. ఎట్లాగూ ఇద్దరం ఉండాం గదా, ఈ పొద్దే ఇంటికి ఎత్తుకోని పోదాం పా."