మొహం మారకూడదు

మర్యాదలు నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఆయన పెళ్ళయిన కొత్తలో తెగ నవ్వేవాడు. పద్దెనిమిదేళ్ళుగా సంసారంలో సగం బరువు ఆ ఉద్యోగమే మోస్తున్నా ఆయన వేళాకోళం మాత్రం మానలేదు. "ఇంట్లోకి దొంగ దూరినా నువ్వు ముందు కూర్చోమంటావు, మంచినీళ్ళిస్తావు, ఆ తర్వాతే అరుస్తావు" అంటాడు. నిజానికి ఆ తర్వాత కూడా అరవను. అరవడం నాకు చేతకాదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే చెప్పబోయేదంతా దాని గురించే.

మా శిక్షణ కేంద్రం మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉంటుంది. దుకాణాల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో కౌంటర్ల వెనక నిలబడబోయే పిల్లలకి మూడు నెలలు నేర్పుతాను. తలుపు ఎలా తట్టాలి, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఎంతసేపు ఆగాలి, చావు జరిగిన ఇంటికి వెళ్ళి ఏమనకూడదు, మీటింగులోంచి లేచేటప్పుడు కుర్చీ చప్పుడు కాకుండా ఎలా జరపాలి, ఇలాంటివన్నీ. అన్నిటికంటే ఎక్కువ రోజులు నవ్వుకే పడతాయి. పెన్సిలు పళ్ళ మధ్య అడ్డంగా పెట్టుకుని అద్దం ముందు నిలబడాలి. పై పలువరుస కనపడాలి, చిగుళ్ళు కనపడకూడదు. తల రెండు వేళ్ళంత ఎడమకి వంగాలి. వినడానికి వెర్రిగా ఉంటుంది, నాకు తెలుసు. ఆ వెర్రితోనే పిల్లలకి ఉద్యోగాలొస్తున్నాయి మరి.

ఆ పిల్లని నేను 'చెయ్యడ్డం' అని పిలిచేదాన్ని. ముందు పళ్ళు రెండు ఒకదాని మీదకొకటి ఎక్కి ఉండేవి. అందుకని మాట్లాడినా నవ్వినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మొదటి రోజు పేరడిగితే తన అరచేతికే చెప్పుకుంది, నాకేమీ వినపడలేదు. ఆ చెయ్యి దింపించేసరికి నాకు నెలన్నర పట్టింది. బతిమాలాను, కసిరాను, చేతుల నిండా పుస్తకాలు పెట్టి నిలబెట్టాను. ఒకరోజు ఎవరో ఏదో అంటే చెయ్యి సంగతి మర్చిపోయి పకపకా నవ్వేసింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక ఆ నవ్వుకి మెరుగులు దిద్ది, తల ఎంత వంచాలో, పెదవులు ఎంత విప్పాలో నేర్పి, నా చేతి పని అని లోలోపల మురిసిపోయాను.

ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే పెద్ద షోరూము వాళ్ళు తనని బిల్లింగ్ కౌంటర్లో పెట్టుకున్నారు. మా కేంద్రానికి ఆ షోరూమే పెద్ద దిక్కు, ఏటా రెండు బ్యాచ్‌లు నా దగ్గర్నుంచే తీసుకుంటారు. తండ్రి మంచాన పడ్డాక ఆ పిల్ల ఇంటికి తన జీతమే ఆధారం. ఉద్యోగం వచ్చిన రోజు వాళ్ళమ్మ మా రెండంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

చేరిన నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం చెయ్యడ్డం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. క్లాసు అప్పుడే అయిపోయింది, నేను బోర్డు తుడుస్తున్నాను.

"మేడమ్, ఒక డౌటు."

"అడగమ్మా."

"కస్టమర్ గురించి కాదు. మన పైవాళ్ళ గురించి. మా ఫ్లోర్ మేనేజరు బిల్లు చూసే వంకతో వెనకాలే నిలబడి నడుం మీద చెయ్యేస్తాడు. అప్పుడేం చెయ్యాలి మేడమ్? మన పుస్తకంలో వెతికాను, ఎక్కడా లేదు."

నేను తుడవడం ఆపలేదు. ఆపితే తన మొహం చూడాల్సి వచ్చేది.

"నవ్వుతూనే పక్కకి జరుగు. పెన్నో కాగితమో తీసుకోవడానికి జరిగినట్టు. గొడవ చేశావంటే పోయేది నీ ఉద్యోగమే, వాడిది కాదు. ఏం జరిగినా మొహం మారకూడదు" అన్నాను.

"రోజూ వేస్తే?"

"రోజూ జరుగు."

తను తలూపి వెళ్ళిపోయింది. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా పెద్ద గుమాస్తా దగ్గర నేను చేసింది కూడా అదే. జరిగాను. జరిగి జరిగి, ఆఖరికి ఆ ఉద్యోగంలోంచే జరిగిపోయాను. ఆ ముసలాడు మాత్రం దండలేయించుకుని మరీ రిటైరయ్యాడు.

రెండు నెలల తర్వాత ఆ మేనేజరు స్టాకు గదిలో ఆ పిల్ల లోపలుండగా తలుపు గడియ పెట్టాడు. తను అట్టపెట్టెలు వాడి మీదకి తోసి, గడియ తీసుకుని, చెప్పులు అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తింది. ఆ మర్నాడే ఫిర్యాదు రాసిచ్చింది. వాడు నాకేం తెలీదన్నాడు. తనే రోజూ నన్ను చూసి నవ్వేది, జీతం పెంచమంటే కుదరదన్నానని కక్ష కట్టింది అన్నాడు. స్టాకు గదిలో కెమెరా లేదు. బిల్లింగ్ కౌంటర్ మీద ఉంది.

విచారణకి శిక్షణ ఇచ్చినవాళ్ళు కూడా రావాలని నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి చెయ్యడ్డం వరండాలో బెంచీ మీద కూర్చునుంది. తన వంతు అప్పటికే అయిపోయింది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"మేడమ్, మీరు నాకు చెప్పిన మాట నేను లోపల బయటపెట్టలేదు. మీటింగులో తప్పు ఇంకొకళ్ళ మీదకి తొయ్యకూడదని మీరే అన్నారుగా. ఎందుకు నవ్వావంటే ఏమీ చెప్పలేదు. మీరొచ్చి చెప్తారని ఊరుకున్నాను."

సరేనమ్మా అన్నట్టు తలూపి లోపలికి వెళ్ళాను.

గదిలో ముగ్గురున్నారు. షోరూము యజమాని, సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ, వాళ్ళిద్దరి మధ్య బయటినుంచి పిలిపించిన లాయరమ్మ. పెద్దరికం లాయరమ్మది. ప్లేటులో బిస్కెట్లు ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. ఆవిడ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. బొమ్మ ఉంది, మాట లేదు. కౌంటర్ వెనక చెయ్యడ్డం నిలబడి ఉంది. మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. వాడి చెయ్యి నడుం మీద పడింది. తను నవ్వింది. నవ్వుతూ పెన్ను కోసమన్నట్టు పక్కకి జరిగింది. వాడూ జరిగాడు. మళ్ళీ నవ్వింది.

చూడ్డానికి చక్కని నవ్వు. పై పలువరుస, రెండు వేళ్ళంత ఎడమకి వంగిన తల, అన్నీ కొలిచినట్టున్నాయి. భుజాలు మాత్రం చెవుల దాకా బిగుసుకుపోయాయి. కింద పెట్టిన చెయ్యి బల్ల అంచుని పట్టుకుని ఉంది. ఆ నవ్వు తయారుచేసింది నేను కాబట్టి నాకు తెలుస్తోంది. తెలియనివాళ్ళకి అదొక సరదాగా ఉన్న ఆడపిల్ల.

"ఇష్టం లేని మనిషి ఇలా నవ్వుతుందా అండీ?" అంది లాయరమ్మ. అది నన్నడిగిన ప్రశ్నో కాదో తెలియక నేను ఆగాను. ఆవిడ తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

"నవ్వడం మీరు నేర్పుతారట."

"నేర్పుతామండీ."

"ఎవరితో నవ్వమని?"

"కస్టమర్లతోనండీ."

"మేనేజరు వచ్చి ఒంటి మీద చెయ్యేసినా నవ్వాలని మీ పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలో లేదండీ."

ఆవిడ రాసుకుంది. నేను నోరు తెరిచాను. "అయితే ఒక్క మాటండీ..." అన్నాను. ఆవిడ తలెత్తకుండానే ఎడమ అరచెయ్యి పైకెత్తింది. "అడిగినప్పుడు చెప్దురుగానీ" అంది, చాలా మెత్తగా. నేను ఆగాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. కాగితం తిరగేసి, "శ్రమనుకోకుండా వచ్చారు, థాంక్సండీ" అంది.

"పరవాలేదండీ" అన్నాను. లేచాను. కుర్చీ చప్పుడు కాకుండా జరిపాను.

గుమ్మం దాకా నాతో వచ్చిన సిబ్బంది ఆవిడ, "కొత్త బ్యాచ్ గురించి వచ్చేవారం కూర్చుని మాట్లాడుకుందాం" అంది. తప్పకుండా అన్నాను. భయం లేదని చెప్పను, ఉంది. ఆ షోరూము చెయ్యి జారితే మా కేంద్రానికి తాళం పడుతుంది. కానీ భయం ఒక్కటే అయితే నన్ను నేను ఇంతగా అసహ్యించుకునేదాన్ని కాదు. పై స్థానంలో ఉన్న మనిషి చెయ్యెత్తితే నోరు మూసుకోవడం నా ఒంట్లో ఇంకిపోయింది. అలా నవ్వమన్నది నేనే. మూడే మూడు మాటలు. అవి నోట్లోనే ఉన్నాయి, నేను బయటికొచ్చేశాను.

వరండాలో తను ఎదురొచ్చింది. "చెప్పారా మేడమ్?"

"అడిగినవాటికన్నిటికీ చెప్పానమ్మా."

ఆ పిల్ల మొహం ఎలా వెలిగిపోయిందో! నా చెయ్యి పట్టుకుని థాంక్స్ మేడమ్, థాంక్స్ మేడమ్ అంటూ మెట్ల దాకా వచ్చింది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. జన్మలో మొదటిసారి వేళాకోళం చెయ్యలేదు. "మాట పెగలకపోతే ఉత్తరం రాసి పడెయ్యి. ఇది ఆ పిల్ల బతుకు సంగతే" అన్నాడు. ఆయన కళ్ళ ముందే కాగితం తీశాను. గౌరవనీయులైన కమిటీ వారికి నమస్కరించి, తమ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు మన్నించవలసిందిగా కోరుతూ... ఇలా మొదలుపెడితే పేజీ నిండింది గానీ విషయం రాలేదు. చించేసి మళ్ళీ రాశాను. రెండోదాంట్లో కమిటీ వారి నిష్పాక్షికతని పొగిడాను. మూడోది కాస్త దారిలో పడిందనుకుంటుండగా 'నేను' అన్న మాట దగ్గర కలం ఆగింది. మర్నాడు రాద్దామనుకున్నాను. అలా అనుకుంటూ తొమ్మిది రోజులు గడిపాను. మా ఆయన మొదటి నాలుగు రోజులు అడిగి, ఆ తర్వాత అడగడం మానేశాడు.

పదో రోజు చెయ్యడ్డమే వచ్చింది. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్ళిపోయింది. నా బల్ల ఎదురుగా నిలబడి, నేను కూర్చోమన్నాక కూర్చుంది.

"నా ఫిర్యాదు కొట్టేశారు మేడమ్. నవ్వు నా ఇష్టంతో నవ్విందేనని రాశారు. మేనేజరుకి క్షమాపణ రాసిస్తే ఉంచుకుంటారట, లేకపోతే ఈ నెలతో ఆఖరట. ఆయన ఫ్లోర్ మీదే పని." సంచీ ఒళ్ళోకి తీసుకుంది. "నాన్నకి చెప్పలేదు. అమ్మ రాసిచ్చెయ్యమంది."

కొట్టేశారా అన్నాను, ఊహించనట్టు. నా గురించి తనేమీ అడగలేదు. మీరు చెప్పినా వాళ్ళు వినలేదు కదా మేడమ్ అంది. అంటే నేను చెప్పాననే ఇంకా అనుకుంటోంది. అప్పుడైనా చెప్పొచ్చు, లేదమ్మా, నేను చెప్పలేదు అని. నోరు పెగల్లేదు.

సంచీలోంచి మడత నలగని కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టింది. "తప్పులుంటే దిద్దండి మేడమ్."

చదివాను. తేదీ, సంబోధన, అంచులు, దస్తూరీ అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. నడుమ ఒక వాక్యంలో మాత్రం వేలెడంత ఖాళీ వదిలింది. 'నేను చేసిన', ఆ తర్వాత ఖాళీ, ఆ తర్వాత 'నన్ను క్షమించవలసిందిగా కోరుతున్నాను'.

"ఇక్కడేంటమ్మా?"

"అక్కడేం రాయాలో తట్టలేదు మేడమ్. నేనేం చేశానో నాకు తెలీడం లేదు. మీకైతే తెలుస్తుందని వచ్చాను."

ఎత్తిపొడుపేమోనని మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది. బళ్ళో ఇచ్చిన లెక్క తేలక అడిగే పిల్లలా పెన్ను పట్టుకుని, నా నోటివంక చూస్తూ కూర్చుంది. ఆ కాగితం చింపెయ్యాలనిపించింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రెండు వీధుల అవతలున్న షోరూముకి నడవాలనిపించింది. అనిపించిందంతే. నా కాళ్ళు బల్ల కింద ఉన్నచోటే ఉన్నాయి.

"తొందరపాటుకు అని రాయి" అన్నాను.

తను రాసింది. రాసిన దాన్ని మొదటినుంచి ఒకసారి పెదవులతో చదువుకుంది. ఆ మాట దగ్గరికొచ్చి ఆగి, కాసేపు ఆలోచించి, నెమ్మదిగా తలూపింది.

"నిజమే మేడమ్. తొందరపడ్డాను" అంది.

నేను చెప్పాను కాబట్టి నమ్మింది.