ఆమె మళ్ళీ లోపలికెందుకు పోయింది

విఠల్ కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆరు. పొద్దున ఎనిమిదికి బటన్ నొక్కితే భవాని పేట్‌లో ఆ గల్లీ అంతా అదిరేది. ఐదు సాంచాలు బుద్ధిగా చద్దర్లు నేసేవి. నాలుగోది కూడా నేసేదే గానీ, దాని దగ్గర నిలబడి ఎవరైనా తను నమ్మని మాట చెప్తే మాత్రం టక్కున ఆగిపోయేది. పోగు తెగేది కాదు, పట్టా జారేది కాదు. పడుగు మధ్యలో నాడె నిలిచిపోయేది, అంతే. పిడి లాగితే మళ్ళీ నడిచేది.

మూతబడిన మిల్లు సామానులో విఠల్ తండ్రి దాన్ని కొన్నప్పటి నుంచీ దాని తీరు అదే. నిజమేదో అబద్ధమేదో దానికి తెలియదు. దాన్ని నడిపే అంబాదాస్ ఓసారి మంగళవారాన్ని బుధవారమని అరగంట వాదించాడు. పాపం, నిజంగానే అలా అనుకుంటున్నాడు గనక సాంచా ఒక్కసారి కూడా ఆగలేదు. చెప్పేవాడు నమ్మి చెప్పాలి, దాని పట్టింపు అదొక్కటే. ఆరు సాంచాల మోతలో మనిషి మాట పక్కన మనిషికే వినబడదు, దానికి మాత్రం ఎట్లాగో వినబడేది. అందుకని నూలు అమ్మేవాళ్ళు వస్తే విఠల్ రోడ్డు మీద నిలబడి మాట్లాడేవాడు. "సరుకు నిన్ననే పంపిన" అని ఫోన్లో చెప్పాల్సి వస్తే గల్లీ చివర నల్లా దాకా నడిచిపోయేవాడు. ఒకరింట్లో పంపు మొరాయిస్తుంది, ఒకరింట్లో పైకప్పు కారుతుంది, వీళ్ళింట్లో ఇదీ.

అలాంటి సాంచా ఆ వారం రోజూ పదేపదే ఆగడం మొదలుపెట్టింది. దీనికంతటికీ ఆ పాడు సినిమాయే కారణమని విఠల్ తేల్చుకున్నాడు.

సినిమాకు పోదామన్నది అతని భార్య ఆరతి. "జయను ఎట్లాగూ పంపుతున్నరు గద, పోయేముందు ఒక్క సినిమా అన్న చూపియ్యుండ్రి" అంది. జయశ్రీ విఠల్ చెల్లెలు. ఎనిమిది నెలల కింద జోడ్‌భావి పేట్‌లోని అత్తగారింటి నుంచి బీడీల చాట చంకన పెట్టుకుని నడిచి వచ్చేసింది. ఆమె భర్త అమోల్ పనికి పోతూ బయట తాళం వేసుకుని పోయేవాడు. పొద్దున వేస్తే పొద్దుగూకినాక తీసేవాడు. ఒకరోజు తాళం సరిగ్గా పడలేదు, ఆమె బయటికొచ్చింది. కొడతాడా అంటే కొట్టడు, తాగుతాడా అంటే తాగడు. అందుకే ఆమె కష్టం ఏమిటో పెద్దమనుషులకు పూర్తిగా అంతుబట్టేది కాదు. రెండేళ్ళ కింద కూడా ఇలాగే వస్తే విఠలే సర్దిచెప్పి రిక్షాలో దింపి వచ్చాడు. ఇప్పుడు వరసకు బాబాయి, కులపెద్ద అయిన కిష్టయ్య మళ్ళీ మధ్యలో కూర్చుని మాట్లాడాడు. అమోల్ ఇక తాళం వెయ్యనన్నాడు. శనివారం కిష్టయ్య స్వయంగా వచ్చి ఆమెను తీసుకుపోతాడు.

ఏ సినిమా అన్నది విఠల్ కూతురు మయూరి చూసుకుంది. కాలేజీ పిల్ల, దానికి దయ్యం సినిమాలంటే ప్రాణం. మొదటి భాగంలో ఒకామె పాడుబడ్డ పెద్ద వాడాలో, అంటే పాతకాలపు భవంతిలో చిక్కుకుని, చచ్చీ చెడీ బయటపడుతుందట. ఇది రెండో భాగం. ఇందులో ఆమె రెండు గంటల పాటు ఊళ్ళూళ్ళూ తిరిగి, ఆఖరుకు మళ్ళీ ఆ వాడా ముందుకే వచ్చి నిలబడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆమె గడప మీద ఆగి, వెనక్కి తిరిగి చూసి, నవ్వింది. లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. మేడ మీద కిటికీలో దీపం వెలిగింది. అంతే, తెర మీద పేర్లు మొదలయ్యాయి. జనం కాసేపు లేవలేదు. ఇంకా ఏదో ఉందనుకున్నారు.

రిక్షాలోనే మొదలైంది రభస. ఇంటర్వెల్‌కు ముందే ఆమె చనిపోయిందని, తర్వాత ఒక్కసారి కూడా మంచినీళ్ళు తాగలేదని, నీడ పడలేదని, దయ్యమే తన ఇంటికి తను పోయిందని మయూరి. దయ్యం ఆమెను వశం చేసుకుని లాగిందని, పాపం ఆమెకు స్పృహే లేదని ఆరతి. ఇద్దరూ తప్పని విఠల్ చెప్పాడు. ఆమె తన ఇష్టంతోనే పోయింది, ఎంతైనా అలవాటైన ఇల్లు, దీపం పెట్టుకుంది, ఇంకేం కావాలి. జయశ్రీ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ ఆమెను అడగలేదు.

సోమవారం కార్ఖానాలో మళ్ళీ అదే గొడవ. అంబాదాస్ కూడా భార్యతో అదే ఆట చూశాడట. పొద్దున ఆ సినిమాలో ఆమెకు కవల చెల్లెలుందన్నాడు. భోజనాల వేళకు అదంతా ఆమె కలన్నాడు. సాయంత్రానికి అసలా వాడాయే దయ్యం, మనిషి దయ్యం ఎవరూ లేరన్నాడు. మిగతా సాంచాల వాళ్ళు కూడా వచ్చి నాలుగో దాని చుట్టూ మూగి, మోత మీద కేకలేసి వాదించుకున్నారు. వాళ్ళను పనికి తరమడానికి వచ్చిన విఠల్ కూడా ఆగలేక, ఆమె ఇష్టంతోటే పోయిందని అందరికంటే పెద్దగా అరిచాడు. సాంచా ఆగింది. అంబాదాస్ నడిపించాడు. మళ్ళీ అరిచారు, మళ్ళీ ఆగింది. ఆగిన ప్రతిచోటా చద్దరు మీద అడ్డంగా ఒక సన్నని గీత పడుతుంది. ఆ గీత ఉన్న చద్దరును ఏ వ్యాపారీ తీసుకోడు.

విఠల్ అంబాదాస్ మీద విరుచుకుపడ్డాడు. రోజుకు మూడు కథలు చెప్పేవాడు మూడింటినీ నమ్మి ఎట్లా చెప్తాడని అడిగాడు.

"చెప్పేటప్పుడు నమ్ముతనే చెప్త సేట్" అన్నాడు అంబాదాస్, మనసు నొచ్చుకుని. "తరువాత ఇంకోటి నమ్ముత."

మంగళవారం నుంచి కార్ఖానాలో సినిమా మాట బంద్ అని విఠల్ హుకుం వేశాడు. అంబాదాస్ మూతి బిగించుకుని పనిచేశాడు. చాయ్ కావాలా అంటే తలతో చెప్పాడు. అయినా సాంచా ఆగింది. విఠల్ బీవండిలో ఉన్న పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసి, జయ శనివారం పోతుందని, సంతోషంగానే ఒప్పుకుందని చెప్తున్నాడు. ఇందులో దాచేదేముంది, నల్లా దాకా పోవడమెందుకని సాంచా పక్కనే నిలబడి చెప్తున్నాడు. మాట మధ్యలో సాంచా ఆగింది. ఇంకో చుట్టానికి చెప్పాడు, ఇంకోసారి ఆగింది. బుధవారం మేనమామకు చెప్తూంటే రెండుసార్లు ఆగింది.

ముసలి సాంచా చెడిపోయిందని విఠల్ మిస్త్రీని పిలిపించాడు. మిస్త్రీ పానాలతో సగం విప్పి, నూనె పోసి, మళ్ళీ బిగించి, ఏ లోటూ లేదన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ఆ సినిమా తనూ చూశాననీ, మేడ మీద దీపం పెట్టింది ఆమె కాదనీ, లోపల ముందే ఎవరో ఉన్నారనీ చెప్పాడు. విఠల్ అతన్ని చెయ్యి పట్టి రోడ్డు దాకా సాగనంపి వచ్చాడు.

గురువారం నేసిన బట్ట విప్పి చూస్తే గీతలే గీతలు. విఠల్‌కు తల తిరిగిపోయింది. నిన్ను పెట్టుకున్నందుకు నన్ను నేను తిట్టుకోవాలని అంబాదాస్‌ను అన్నాడు. అంబాదాస్ పోగులు సర్దాడు. తర్వాత దగ్గరికొచ్చి, మోత మీద వినబడేలా చెవి దగ్గర చెప్పాడు.

"సేట్, నేను మూడు రోజుల సంది నోరు ఇప్పలె."

విఠల్ ఆ మాట విననట్టే ఇంట్లోకి పోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని వస్తుంటే వసారాలో జయశ్రీ బీడీలు చుడుతోంది. వసారాకు, నాలుగో సాంచాకు మధ్య ఒక్క కిటికీయే అడ్డం. ఆమె తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, పక్కన వేస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. విఠల్ వారం పొడుగునా అందరి కథలూ విని విసిగిపోయి ఉన్నాడు. అందరూ చెప్పారు, నువ్వొక్కదానివే మిగిలావు, నువ్వూ చెప్పు, ఆమె ఎందుకు పోయింది అని అడిగాడు. ఎగతాళిగానే అడిగాడు.

జయశ్రీ దారం పళ్ళతో కొరికింది.

"ఎందుకు పోయిందో నాకేం తెలుసన్నా. గా నవ్వు ఎందుకు నవ్విందో తెలుసు. ఎనుకనుంచి మనోళ్ళు చూస్తుంటరు గద. వాళ్ళు నిమ్మళంగ ఇంటికి పోవాలంటే నవ్వాలె. పోయినసారి నువ్వు నన్ను రిక్షాల దింపినప్పుడు నేనట్లనే నవ్విన."

కిటికీ అవతల సాంచా ఎక్కడా ఆగకుండా నడుస్తూనే ఉంది. విఠల్ దాని వైపు చూశాడు. ఒక్కసారి తడబడితే బాగుండుననిపించింది. అది తడబడలేదు. సినిమా అడిగితే సంసారం చెప్తావేందని చెల్లెలి మీద విసుక్కుని లోపలికి పోయాడు. ఆ సాయంత్రం దాకా అందరి మీదా విసుక్కుంటూనే ఉన్నాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని ఆరతి మీద, ఫోన్ చూస్తున్నావని మయూరి మీద.

శనివారం పదకొండింటికి కిష్టయ్య వచ్చాడు. తెల్లటి టోపీ, చేతి కర్ర, ఎప్పటిలాగే పెళ్ళికొచ్చినంత నింపాదిగా. విఠల్ ఆయన్ను ఇంట్లోకి పిలిచాడు. ఆయన రాలేదు. కార్ఖానాలోకి వచ్చి, నాలుగో సాంచా పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. మిగతా సాంచాలన్నీ ఆపించాడు.

"గీ ముచ్చట దీని ముంగటనే కానియ్యి విఠలూ" అన్నాడు. "రేపు ఎవ్వరు గూడ వేలు పెట్టి చూపొద్దు."

ముందు ఆయనే చెప్పాడు. అమోల్ తన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడని, తాళం కప్పను తీసుకెళ్ళి బావిలో వేశాడని, పిల్లగాడు మారాడని. సాంచా చక్కగా నడిచింది. కిష్టయ్య పెద్ద మనసున్నవాడు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు. విఠల్ గుండె తేలికపడింది. వసారాలో జయశ్రీ సంచీ సర్ది పక్కన పెట్టుకుని, ఈ చివరి పూట కూడా బీడీలు చుడుతూ కూర్చుంది. కిటికీలోంచి ఆమె భుజం ఒక్కటి కనబడుతోంది.

ఇక అన్న మాట కూడా ఒకటి పడితే సరిపోతుందని, అమోల్ వాళ్ళకు అదే చెప్తానని కిష్టయ్య అన్నాడు.

"మా చెల్లె ఆడ మంచిగుంటది" అన్నాడు విఠల్.

సాంచా ఆగింది.

అంబాదాస్ పిడి లాగాడు. మోత మళ్ళీ మొదలైంది. విఠల్ గొంతు సవరించుకుని, అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. సాంచా ఆగింది. అంబాదాస్ నడిపించాడు. ఈసారి విఠల్ మాట మార్చాడు. ఆమె తన ఇష్టంతోటే పోతున్నదన్నాడు. 'ఇష్టం' దగ్గరే నాడె నిలిచిపోయింది.

కార్ఖానాలో చప్పుడు లేదు. వసారాలో కత్తెర చప్పుడు కూడా ఆగింది. కిష్టయ్య అంబాదాస్ వైపు అనుమానంగా చూశాడు. అంబాదాస్ రెండు చేతులూ చూపించి, తను నోరు తెరవలేదని సైగ చేశాడు.

విఠల్‌కు ఒళ్ళు మండిపోయింది. సాంచాను తుక్కు కింద అమ్మి పారేస్తానన్నాడు. అంబాదాస్ పిడి లాగిన తర్వాత అదే మాట మళ్ళీ అన్నాడు. అది ఆ మాటకు కూడా ఆగింది. అప్పుడతను బల్ల మీద కిష్టయ్య పక్కన కూర్చుండిపోయాడు. సోమవారం నుంచి పడ్డ గీతలన్నీ ఎవరివో ఇప్పుడు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. అంబాదాస్ కథలకు ఆగలేదది. మిగతావాళ్ళ వాదనకూ ఆగలేదు.

అంబాదాస్ ఇంకోసారి నడిపించాడు.

"కాకా, నేను పంపుతలేను" అన్నాడు విఠల్.

సాంచా నడుస్తూనే ఉంది.

కిష్టయ్య చాలాసేపు మాట్లాడాడు. కులంలో మాట పోతుందన్నాడు, తన మాట కూడా పోతుందన్నాడు, మయూరికి రేపు సంబంధం ఎట్లా వస్తుందన్నాడు. అన్నిటికీ సాంచా నడిచింది. ఆయన అన్నీ నమ్మే చెప్తున్నాడు. విఠల్ బల్ల మీద నుంచి లేవలేదు. ఆఖరుకు ఆయన ఆరతి ఇచ్చిన చాయ్ సగం తాగి, కర్ర అందుకుని, అమోల్ వాళ్ళకు తనేం చెప్పాలో తనకే తెలియట్లేదని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

విఠల్ వసారాలోకి వచ్చాడు. జయశ్రీ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పంపట్లేదని చెప్పాడు.

"ఎన్ని రోజులకు?" అని అడిగింది ఆమె.

ఎప్పటికీ అనబోయాడు. ఆమె అతన్ని ఆ మాట అననివ్వలేదు. చాట పక్కన పెట్టి లేచి, చీర మీది తంబాకు పొడి దులుపుకుని, అన్నను దాటుకుని కార్ఖానాలోకి పోయింది. నాలుగో సాంచా పక్కన నిలబడింది.

"ఈడికొచ్చి చెప్పు."

విఠల్ వచ్చి నిలబడ్డాడు. అంబాదాస్ మర్యాదగా అటువైపు తిరిగి పోగులు చూసుకోసాగాడు. నాడె అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఏం చెప్తే అది ఆగదో విఠల్‌కు నిజంగా తెలియదు. పెద్ద మాటలు ఏవి అందామన్నా భయమేసింది.

"రేపు మన కాకా నలుగురిని తోలుకొని మళ్ళ వస్తడు" అన్నాడు మెల్లగా. "వాళ్ళ ముంగట నేను గట్టిగ నిలబడ్తనో లేదో నాకే తెల్వదు. భయమైతున్నది. గాని నువ్వు పోత అనేదాంక నిన్ను రిక్షా ఎక్కియ్య. పోయినసారి ఎక్కిచ్చింది తప్పే. నీ నవ్వు ఉత్తదని నాకు గప్పుడే తెలిసింది."

సాంచా ఆగలేదు. జయశ్రీ వెంటనే కదల్లేదు. మోతలో తల కొంచెం వంచి, ఇంకా ఆగుతుందేమోనని వింటూ నిలబడింది. చద్దరు ఒక బెత్తెడు నేసుకుపోయింది, గీత లేకుండా. ఇంకో బెత్తెడు కూడా. అప్పుడు ఆమె వసారాలోకి పోయి, సంచీ ముడి విప్పి, మడిచిపెట్టిన చీరలు ఒక్కొక్కటే బయటికి తియ్యసాగింది.