హాల్లో ఉండే ఆయన

పరాయి రాష్ట్రంలో, మరమగ్గాల కార్మికులుండే పర్వత్ పాటియా పేటలోని ఆ ఒంటిగది ఇంట్లో మంచాలు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. పగటి పాళీవాళ్లు లేచి మరమగ్గాల మీదికి వెళ్లగానే, రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్లు అదే పక్క మీద వాలతారు. ఉన్న ఒక్క ఫ్యానుకూ విశ్రాంతి లేదు.

ఎండల మీద సర్వే చేయడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి శ్రీలేఖ గడప దగ్గరే కూర్చుంది. తెలుగు పిల్ల కదా అని ఆ ఇంటి ఇల్లాలు పోశమ్మ సంబరపడి మంచినీళ్లు ఇచ్చింది.

"మీ ఇంట్లో ఎంతమంది ఆంటీ?"

"తొమ్మిది మందిమి."

శ్రీలేఖ ఫారంలో రాసుకుని నిట్టూర్చింది. "జనం ఇలా పెరిగిపోతే భూమి వేడెక్కదా మరి?"

పోశమ్మకు చురుక్కుమంది. అయినా నిద్రపోతున్న కొడుకులు లేస్తారని మెల్లగానే అడిగింది.

"మీ ఇంట్ల ఎంతమంది బిడ్డా?"

"ముగ్గురం."

"ఏసీలు?"

"నాలుగు. గదికొకటి, హాల్లో ఒకటి."

"హాల్ల ఎవలు పండుకుంటరు?"

"ఎవరూ పడుకోరు."

పోశమ్మ ఫారం వైపు వేలు చూపించింది.

"గట్లనా? అయితే గా హాల్ల ఉండే ఆయన్ని గూడ జర మందిల రాసుకో బిడ్డా. మా తొమ్మిది మందికంటె ఆయనకే ఎక్కువ ఉక్కపోస్తున్నట్టుంది."