ఐదో పాదం

ఇటలీలోని అబ్రుజ్జో కొండల్లో గొర్రెల కాపరుల చదువు మూడో తరగతితో సరి. అయినా దేవతలు మనుషుల్ని చెట్లుగా, పిట్టలుగా మార్చేసే ఆ పాత లాటిన్ పురాణాన్ని తమ భాషలో చదివి, జున్నుతో పాటు సంచీలో మోసి, కంఠతా పట్టేశారు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ ఊళ్ళో మేకలకు కూడా దేవతల పేర్లే.

గెరార్దోకు పేరు తెచ్చింది అందులోని ఒక్క కథ. ముసలి దంపతులు తమకు ఒకే గడియలో చావు రావాలని వరం అడుగుతారు, పక్కపక్కనే రెండు చెట్లయిపోతారు. ఆయన ఆ కథ పాడితే పెళ్ళికూతుళ్ళు ముక్కు చీదుకునేవారు.

ఆయన భార్య లొరేతా ఫిబ్రవరిలో పోయింది. అప్పుడాయన పక్క ఊరి పెళ్ళిలో ఆ కథే పాడుతున్నాడు. కబురు ఆలస్యంగా అందిందని అందరికీ చెప్పాడు. మళ్ళీ పాడలేదు.

ఆగస్టులో ఊరి పండగ నాడు లొరేతా తమ్ముడు సబతీనో వచ్చి పడ్డాడు.

"ఎన్నాళ్ళీ మూగనోము, బావా? అక్క ఉంటే చీపురు తిరగేసేది."

"నన్నొదిలెయ్యరా."

"ఒప్పుకో మరి, నా చేతిలో ఓడిపోతావని భయం."

"నీ గొంతు కంటే గాడిద నయం," అంటూనే గెరార్దో టోపీ అందుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళిద్దరే జోడీ. ఒకడు ఎనిమిది పాదాలు పాడితే, వాడి చివరి మాటకు ప్రాస కలిపి రెండోవాడు ఎత్తుకోవాలి. మధ్యలో తెంచినవాడి పరువు గంగలో కలిసినట్టే. గెరార్దో ఎన్నడూ తెంచలేదు.

చర్చి ముందు జనం చేరారు. ఏ కథ పాడాలో తేల్చే చీటీ ఫాదర్ తీసి చదివి, నాలిక కరుచుకున్నాడు. ఆ ముసలి దంపతుల కథే.

"ఉండనీండి ఫాదర్," అన్నాడు గెరార్దో.

సబతీనో మొదలుపెట్టాడు. దేవతలు అంత దయగలవాళ్ళేం కారన్నాడు. ఒకే గడియలో చావు అనే వరం ఇచ్చింది దేవుడు కాదు, కవి అని ముగించాడు. వాళ్ళ భాషలో కవిని 'పొయేతా' అంటారు. ఆ మాట నోరు జారాక గానీ అది ఎవరి పేరుకు ప్రాసో వాడికి తట్టలేదు.

ఆ ప్రాసకు 'సేతా' అంటే పట్టు ఉంది, 'మేతా' అంటే గమ్యం ఉంది, వేరే మాటలు బోలెడున్నాయి. గెరార్దో 'సేతా'తోనే ఎత్తుకుందామని నోరు తెరిచాడు. వచ్చింది మాత్రం భార్య పేరు.

"లొరేతా! నీ కబురు తెచ్చిన మనిషిని చూశాను,
టోపీ తీసి గుమ్మంలో నిలిచాడు, మాట రాలేదు.
నోట్లో ప్రాస తియ్యగా ఉంటే ఇంకో మూడు పద్యాలు పాడేశాను,
నేనిల్లు చేరాను, నీ కళ్ళు నా కోసం తెరుచుకోలేదు."

ఆ పెళ్ళిలో జోడీగా పాడుతూ సబతీనో గుమ్మం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ మనిషిని వాడు చూడలేదు.

"నువ్వు చూశావా, బావా?" అన్నాడు. "మా అక్క బతికుండగానే?"

గెరార్దో తల ఊపాడు. ఆరు నెలలుగా గుండెలో దాచుకున్నది బయటపడ్డాక కూడా బరువు దిగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఐదో పాదం గొంతులో సిద్ధంగానే ఉంది. అదీ మంచి పాదమే, ఆ సంగతి తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకా నాలుగు పాదాలున్నాయి! తెంచకు గెరార్దో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"తెంచాల్సింది ఆ రోజు," అన్నాడాయన.

సబతీనో అరుగు మీద కూలబడ్డాడు. ప్రాస కలపడానికి వాడికి చివరి మాటంటూ మిగల్లేదు. గెరార్దో టోపీ పెట్టుకుని, పాట సగంలో వదిలేసి, ఇంటికి బయల్దేరాడు, ఆరు నెలలు ఆలస్యంగా.