పుట్టింటి కోక

ఆ ఉదయం ఫోను తెరవగానే ఓబులమ్మకు అక్క ఫోటో కనిపించింది. చుట్టూ గులాబీలు, రెండు పక్కలా వెలుగుతున్న దీపాలు, కింద ఇంగ్లీషులో మూడు అక్షరాలు. తెలుగంటే తనంతట తాను కూడబలుక్కుని నేర్చుకుంది గానీ ఓబులమ్మకు ఇంగ్లీషు రాదు. పులివెందులలో ఉండే అక్క కోడలు హేమలత రోజుకొక ఫోటోకు ఇట్లాగే పూలు చుట్టి కుటుంబం గ్రూపులో పెడుతూ ఉంటుంది. మొన్న వాళ్ల కుక్కపిల్లకు కూడా పెట్టింది. ఈ రోజు అత్త వంతు వచ్చిందిలే అనుకుని, వేలితో వెతికి వెతికి ఒక నవ్వు ముఖమూ ఒక గులాబీ పంపించి, ఫాల్ కుట్టాల్సిన కోకలు ముందేసుకుని కూర్చుంది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లకు ఫాల్ కుట్టి ఇవ్వడమే ఆమె బతుకుతెరువు.

కాసేపటికి పక్కింటి గుల్జార్‌బీ వస్తే, మా అక్క ఎంత కళగా ఉందో చూడమని ఓబులమ్మ ఫోను చేతికిచ్చింది. గుల్జార్‌బీ చూసి, కూర్చోబోయినదల్లా నిలబడే ఉండిపోయింది.

"ఓబులక్కా, ఈ మూడక్షరాలు పోయినోళ్ల కింద రాస్తారు. మా మసీదు గ్రూపులో రోజూ చూస్తా."

ఓబులమ్మ ఫోను లాక్కుంది. అక్క ఫోటో కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా ఉన్నాయి. ముప్పై దాకా ఉంటాయి. వాటి మధ్య, పళ్లన్నీ బయటపెట్టి, తాను పంపిన నవ్వు ముఖం. దాన్ని ఎట్లా తీసెయ్యాలో ఆమెకూ తెలియదు, గుల్జార్‌బీకీ తెలియదు. ఓబులమ్మ కొంగుతో ఆ చోటంతా తుడిచింది. అది పోలేదు.

తమ నాయన పోయినప్పుడు పుట్టినూరు పెద్దముడియం నుంచి ఒక మనిషి ఎండలో నడిచొచ్చి, వాకిట్లోనే నిలబడి, మంచినీళ్లు కూడా ముట్టకుండా కబురు చెప్పి పోయాడు. అన్న పోయినప్పుడు ఫోను మోగింది. అవతల ఒక గొంతు ఏడ్చింది. ఇప్పుడు తోడబుట్టిన అక్క చావు, శుభోదయం పూలకూ ఎవరో పంపిన వంకాయ కూరకూ నడుమ ఇరుక్కుని రాత్రంతా తన దిండు పక్కనే పడి ఉంది. ఏడుపు రావాల్సిన చోట ఓబులమ్మకు నోట్లో చేదు ఊరింది.

అక్క కొడుకు వివేక్‌కు ఫోను చేస్తే మూడోసారికి ఎత్తాడు. వెనక మోటారు శబ్దం, మాట తెగి తెగి వస్తోంది.

"గ్రూపులో రాత్రే పెట్టినా కదా చిన్నమ్మా. అందరికీ ఒక్కసారే తెలుస్తాదని పెట్టినా. నువ్వు పొద్దున చూసినట్టు గ్రూపులో గుర్తు పడిందే."

"మీ అమ్మ పోయిందని నోరు తెరిచి ఒక మాట చెప్పలేకపోయినావా నాయనా?"

రాత్రి గుండెనొప్పి వచ్చిందనీ, ఆసుపత్రికి పోయే లోపలే అయిపోయిందనీ, రెండు గంటలకు ఎత్తుతామనీ అన్నాడు. ఇల్లు మారాము, కొత్త లేఅవుటు నీకు తెలియదు, లొకేషన్ పెడతాను, దాన్ని పట్టుకుని వచ్చెయ్ అని పెట్టేశాడు.

ఓబులమ్మ పెట్టె తెరిచి ఆవపువ్వు రంగు నేత కోక తీసింది. వాళ్ల ఇండ్లలో ఆడమనిషి చనిపోతే కట్టకడపట కప్పేది పుట్టింటి కోక. దాని మీద ఇంకొకటి కప్పకూడదు. అమ్మానాయనలు లేరు, అన్న లేడు. అన్న కొడుకు ఆదినారాయణ బెంగళూరులో ఉన్నాడు, అత్తల ముఖం చూసి ఆరేండ్లయింది. ఇక పుట్టిల్లంటే అక్కాచెల్లెళ్లు ఇద్దరే. ముందు పోయినదానికి రెండోది కప్పాలని, రెండోదానికి ఎవరు కప్పితే వాళ్లేనని, ఇద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుకున్న మాట. ఆ మాట ఒక్కటి నిలబెట్టుకోవాలి ఓబులమ్మ. అంతే ఆమెకు కావాల్సింది.

గుల్జార్‌బీ తానూ వస్తానంది. బస్టాండులో నిలబడి వివేక్ పంపినదాన్ని తెరిచింది. గీతలు, గీతల మధ్య వివేక్ ముఖం ఉన్న ఒక గుండ్రటి చుక్క.

"అక్కా, ఇది పులివెందులలో లేదే. జమ్మలమడుగులో ఉండాది."

ఓబులమ్మ కండ్లద్దాలు సవరించుకుని చూసింది. ఊరి పేరు తెలుగులోనే ఉంది, జమ్మలమడుగు. పుట్టిన మన్నులోనే కలపాలని అక్క ఎన్నిసార్లు అనలేదు? పెద్దముడియం జమ్మలమడుగు పక్కనే. కొడుకు ఆ మాట విన్నాడు. పెద్దముడియం చేర్చడానికి జమ్మలమడుగు దాకా తెచ్చినట్టున్నాడు. పొద్దున అతడిని తిట్టుకున్నందుకు మనసులోనే లెంపలేసుకుంది. పులివెందుల బస్సు ఎదురుగా నిలబడి ఉంటే దాన్ని వదిలేసి ఇద్దరూ జమ్మలమడుగు బస్సెక్కారు.

జమ్మలమడుగులో దిగి చుక్కను వెంబడించారు. గుల్జార్‌బీ ఫోనును పళ్లెంలా పట్టుకుని ముందు నడిచింది. చుక్క కుడికంటే కుడికి, ఎడమంటే ఎడమకు. ఒక సందులో నడవగా నడవగా చుక్క వాళ్ల వెనక్కి పోయింది. ఫోనును తిప్పి పట్టుకోవాలని ఒకరు, మనిషే తిరగాలని ఒకరు వాదించుకున్నారు. దారిన పోయే ఆటో అతను వంగి చూసి, అదిగో అదేనని ఎదురుగా ఒక అంగడి చూపించి పోయాడు.

అది ఫోటో స్టూడియో. తలుపుకు పెండ్లికూతుళ్ల బొమ్మలు. శవం లేదు, పాడె లేదు, ఏడుపు లేదు. లోపలున్న ఖదీజా అనే అమ్మాయి, వివేక్ సారు వచ్చిపోయి గంట దాటిందని, తన అన్న ముదస్సిర్‌ను కెమెరాలతో సహా కారులో పులివెందులకు తీసుకుపోయాడని చెప్పింది.

"చావింటికి కెమెరాలెందుకమ్మా?" అంది ఓబులమ్మ.

"లైవ్ ఇస్తారవ్వా. దూరం ఉన్నోళ్లు ఫోన్లో చూసుకుంటారు. ఇప్పుడందరూ పెట్టించుకుంటాండారు."

ఆ అమ్మాయి ఫోను తీసుకుని చూసి, ఇది ఇంటి గుర్తు కాదని, వివేక్ సారు ఎక్కడికి పోతే అక్కడికి పోయే గుర్తని, నెట్టు లేక ఇక్కడే నిలిచిపోయిందని అర్థమయ్యేలా చెప్పింది. చెబుతుండగానే చుక్క ఎగిరి పులివెందులలో వాలింది. అప్పటికి పన్నెండున్నర.

అంటే అక్క పుట్టిన మన్నుకు రాలేదు. తల్లి శవాన్ని ఇంట్లో పెట్టి కొడుకు కెమెరాలు తేవడానికి వస్తే, ఆ కొడుకు వెనక ఇద్దరు ముసలోళ్లు ఊరు పట్టుకుని తిరిగారు. ఓబులమ్మ వివేక్‌కు ఫోను చేస్తే కలవలేదు. అంగడి మెట్టు మీద కూర్చుని, కోక ఉన్న సంచిని ఒళ్లో అదిమి పట్టుకుంది. ఎత్తేస్తారు, రెండుకే ఎత్తేస్తారు అని అదే మాట గొణుక్కుంటూ ఉంది. గుల్జార్‌బీ ఆమెను రెక్క పట్టి లేపింది.

ముద్దనూరు మీదుగా పోయే బస్సు దొరికేసరికి ఒకటిన్నర. పులివెందులలో దిగి, ఆటో పట్టుకుని, లేఅవుటు చేరేసరికి మూడున్నర దాటింది. దూరం నుంచి షామియానా కనపడగానే ఓబులమ్మ కాళ్లు పరుగెత్తాయి. ఇంకా ఎత్తలేదు. బెంగళూరులో ఆదినారాయణకు లైవ్ సరిగ్గా తెరుచుకోలేదట, అందుకని ఆపారు.

షామియానా కింద గాజుపెట్టె, దానికి అటూ ఇటూ కెమెరాలు. తలవైపు ఒక కడ్డీకి బిగించిన ఫోను, అందులో ఎర్ర గుండె బొమ్మలు బుడగల్లా పైకి లేస్తున్నాయి. ఏడవాల్సిన ఆడవాళ్లు కెమెరాకు అడ్డం రాకుండా ఒక పక్కగా కూర్చున్నారు. పెట్టెలో అక్క, మెడదాకా చమ్కీల కోక. దీపం వెలుగుకు అది తళతళలాడుతోంది.

"పుట్టింటి కోక కప్పేసినాము చిన్నమ్మా," అన్నాడు వివేక్. అతడి కండ్లు ఉబ్బి ఉన్నాయి. నిద్ర లేదు, తిండి లేదు. "నువ్వు యాడుండావో తెలియలే. ఆదినారాయణకు అంగట్లో నుంచి వీడియోలో చూపిస్తే ఈ కోకను ఏరినాడు. రాజమ్మత్త అడిగినప్పుడు ఫోన్లోనే పలికినాడు."

రాజమ్మ అక్కకు ఆడబిడ్డ. ఎత్తే ముందు, పుట్టినింటివాళ్లు ఎవరున్నారని మూడుసార్లు పిలవాల్సిన పెద్దదిక్కు. ఆమె ఓబులమ్మ ముఖం చూడలేక తల దించుకుంది.

"తీయండి దాన్ని," అంది ఓబులమ్మ.

వివేక్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "లైవ్‌లో అందరూ చూసేసినారు చిన్నమ్మా. మూడు నూర్ల మంది ఉండారు. ఇప్పుడు తీస్తే ఏమనుకుంటారు? నీ కోకను కాళ్ల దగ్గర పెడదాములే."

"మీ అమ్మ పుట్టింట్లో మూడు నూర్ల మంది లేరు నాయనా. నేనొక్కదాన్నే ఉండా."

ఆమె గొంతు పెద్దది చేయలేదు. పెట్టె మూత మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే. రాజమ్మ లేచి వచ్చి మూత రెండో పక్క పట్టుకుంది. ఇద్దరు ముసలోళ్లు కలిసి దాన్ని ఎత్తారు. చల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది. ఓబులమ్మ చమ్కీల కోకను తీసి, మడత పెట్టి, వివేక్ చేతుల్లో పెట్టింది. అతడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. ముదస్సిర్ ఎవరూ చెప్పకుండానే కెమెరాను నేలకు తిప్పేశాడు. ఫోనులో మాత్రం గుండెలు లేస్తూనే ఉన్నాయి.

"పుట్టినింటోళ్లు ఎవరుండారు?" అని రాజమ్మ పిలిచింది.

"నేనుండా."

మూడుసార్లు పిలిచింది, మూడుసార్లూ పలికింది. ఆవపువ్వు రంగు కోకను కప్పి, అక్క నుదుటి మీద చెమ్మను అరచేత్తో తుడిచి, ఓబులమ్మ ఆ ముఖాన్ని చూసుకుంది. ఎంతసేపు చూసిందో ఆమెకు తెలియదు. రాజమ్మ భుజం తట్టినప్పుడు వెనక్కి జరిగింది.

మగవాళ్లు పాడె ఎత్తారు. వీధి మలుపు దాకా ఆడవాళ్లు వెంట నడిచి, అక్కడ ఆగిపోయారు. శ్మశానం ఆ మలుపు అవతలే అయినా, అక్కడినుంచి ఆడవాళ్లు పోయేది లేదు. పాడె కనుమరుగయ్యాక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి స్నానం చేస్తారు.

కానీ వాకిట్లోకి రాగానే ఆడవాళ్లంతా హేమలత చుట్టూ మూగారు. ఆమె చేతిలో ఫోను. తలకొక తల ఆనించి, ముక్కులు ఎగబీల్చుకుంటూ, అందరూ దాంట్లోకి వంగారు.

"రా చిన్నమ్మా, ఈడ బాగా కనపడ్తాంది," అని హేమలత చోటు ఇచ్చింది. "గుంతలోకి దించుతాండారు."

ఆ అమ్మాయి ప్రేమగానే పిలిచింది. ఓబులమ్మకు అది తెలుసు. అయినా ఆ ఫోనులోకి చూడలేకపోయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ తలలన్నీ దాటుకుని, ఇంటి పక్కనున్న కొళాయి దగ్గరికి పోయి కూలబడింది. గుల్జార్‌బీ బక్కెట, చెంబు తెచ్చి పెట్టి కొళాయి తిప్పింది.

వెనక ఎవరో, మన్ను వేస్తాండారు, మన్ను వేస్తాండారు అంటున్నారు.

"నీళ్లు పొయ్యి," అంది ఓబులమ్మ తల వంచి. "గట్టిగా పొయ్యి."

గుల్జార్‌బీ చెంబు ఎత్తి చెవుల మీదుగా పోసింది.