ఓడెన్సె ఎలుకలకు నిద్రపట్టని కారణం

ఓడెన్సె నగరంలోని ఒక పరిశోధనశాలలో సిడ్సెల్ మూడేళ్లుగా చిట్టెలుకల్ని నిద్రపుచ్చే పనిలో ఉంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కలిపిన నీళ్లు తాగితే అవి ఎక్కువసేపు పడుకుంటాయా అన్నది ఆమె ప్రశ్న. పోల్చి చూడడానికి రెండో గుంపు ఎలుకలకు అదే ఆమ్లపు అద్దపు ప్రతిబింబాన్ని ఇచ్చింది. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్టే, ఆ ప్రతిబింబం ఒంట్లో దేనికీ సరిగా అమరదు. బరువు అదే, పరమాణువులు అవే, పని మాత్రం సున్నా. ఇంతకన్నా నికార్సయిన పోలిక ఇంకేముంటుందని ఆమె ధీమా.

మే నెలలో ఫలితం వచ్చింది. మొదటి గుంపు పగలంతా ముడుచుకుని హాయిగా పడుకుంది. రెండో గుంపు కునుకు తీస్తే ఒట్టు. గ్రాఫు చూసి సిడ్సెల్ గంతులేసినంత పని చేసింది. ప్రొఫెసర్ వీబెకె శుక్రవారం కాఫీలోకి కేకు తెప్పించింది.

ఆ కేకు ముందు టోర్కిల్ ఒక్కడే మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎలుకల బోనులు చూసుకుంటున్న మనిషి ఆయన.

"నీ రెండో గుంపు నా ప్రాణం తీస్తోంది తల్లీ! రోజుకు రెండుసార్లు బోనుల్లో రంపపు పొట్టు మారుస్తున్నా. సీసాలకు సీసాలు తాగడం, పోయడం! ఇంక వాటికి నిద్రెక్కడిది?"

సిడ్సెల్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "ఆ నీళ్లలో మీరేమైనా చక్కెర కలిపారా?"

"నేనా? చక్కెర తాగించి, వాటి ఉచ్చ నేనే ఎత్తిపోసుకోవడానికి నాకేం పిచ్చా?"

ఇద్దరూ విసవిసా రసాయనాల గదికి వెళ్లారు. టోర్కిల్ ఆ ప్రతిబింబపు ఆమ్లం డబ్బా తీసి, చిటికెనవేలు ముంచి నాకాడు.

"అయ్యో, ఇక్కడేదీ నోట్లో పెట్టుకోకూడదు! గోడ మీద బోర్డుంది కదా!"

"ఆ బోర్డు కొట్టింది నేనే," అని ఆయన చప్పరించాడు. "అబ్బ! పాకమే!"

సిడ్సెల్‌కు ఒళ్లు మండింది. ఆపైన ఉండబట్టలేక తానూ ఒక రవ్వంత నాలుక మీద వేసుకుంది. నిజంగానే తియ్యగా ఉంది. అసలు ట్రిప్టోఫాన్ రుచి చూస్తే ఎంత చేదంటే, పరుగున వెళ్లి కుళాయి కింద నోరు పెట్టింది.

నోరు కడుక్కుంటుండగానే సంగతంతా అర్థమైంది. మొదటి గుంపు మందు వల్ల నిద్రపోలేదు, ఎలుకలు మామూలుగా పడుకునేంతే పడుకుంది. రెండో గుంపే విందు వదల్లేక మేలుకుంది. అనుమానం తీరక, ఈసారి నీళ్లలో కలపకుండా రెంటినీ సూదితో ఇచ్చి చూసింది. రెండు గుంపులూ సమానంగా గుర్రుపెట్టాయి.

సమావేశంలో ఈ మాట చెప్పేటప్పుడు సిడ్సెల్ చెవులు ఎర్రబడ్డాయి. వీబెకె మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "రాసి పారేయ్! ఇంకొకరు మూడేళ్లు పోగొట్టుకోకుండా ఉంటారు."

రెండు పేజీల వ్యాసం తయారైంది. రచయితల్లో రెండో పేరు టోర్కిల్‌ది.

"నేనేం చేశానని రాశావు?" అన్నాడాయన కళ్లజోడు సవరించుకుంటూ.

"ఇంద్రియ పరిశీలన."

"అంటే?"

"నాకి చూశారని. అలా రాస్తే భద్రతాధికారి ఇద్దర్నీ బయటికి నెడతాడు."

టోర్కిల్ ఆ మాటను రెండుసార్లు పైకి చదువుకుని, ఒక కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, సైకిలెక్కి ఇంటికి వెళ్లిపోయాడు.